మంగక్క చెవి

మంగక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నన్ను మిల్లులో సూపర్‌వైజర్‌ని చేసిందీ ఈ రోజే. నెల రోజులు చూసి ఖాయం చేస్తారట. ఈ పనికి అర్జీ పెడితే రెండుసార్లు కాదన్నప్పుడు నేను ఏడుస్తూ సేత్తూరు బస్సెక్కితే, పక్కన కూర్చుని నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"మళ్ళా రాసియ్యి పిల్లా. నాకు చదువు రాదు. నువ్వయితే ఇద్దరం అయినట్టే."

నా చదువు, నీ చెవి. కాగితాలన్నీ నేను చదివి వినిపించేదాన్ని. నువ్వు నన్ను దారం తీసే మిషన్ల మధ్య నిలబెట్టి, బేరింగు అరిగిన మిషన్‌ను చప్పుడుతోనే పట్టడం నేర్పేదానివి. "సత్తం మారినాది, వినబడ్తాదా?" అంటూ మోచేత్తో పొడిచి, అది ఏ మిషనో కళ్ళతోనే చూపించేదానివి. నేను తలూపేదాన్ని.

ఈ రోజు ఆ మిషన్ల మధ్య ఒక్కదాన్నే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడినా అంతా ఒకటే హోరు. చోళపురం నుంచి కొత్తగా చేరిన పిల్ల నా దగ్గరే పని నేర్చుకోవాలట. "సత్తం మారినాది ఏదక్కా?" అని అడిగింది. మేనేజర్ కూడా అక్కడే ఉన్నాడు. ఎదురుగా ఉన్న మిషన్ ఒకటి చూపించాను.

ఆ పిల్ల దాని దగ్గరకు వెళ్ళి చెవి ఒగ్గింది. కాసేపు విని, నా వైపు తిరిగి, "అవునక్కా, వినబడ్తా ఉండాది" అంది.

నాకు ఏ రోజూ వినబడలేదక్కా. నేనూ నీకు అట్లాగే తలూపేదాన్ని.