ఎర్ర చుక్క

అత్తయ్యగారికి,

మీరు నొచ్చుకుని వెళ్ళారని నాకు తెలుసు. మోకాళ్ళ నొప్పులతో నిలబడి మీరు చేసిన బిస్కెట్ల డబ్బా మీద, మీ కళ్ళ ముందే ఎర్ర చుక్క స్టిక్కరు అంటించేశాను. "నేనేమన్నా విషం పెడతానా?" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఆటిజం ఉన్న పిల్లలందరికీ పథ్యం అక్కర్లేదట. మన చిట్టికి మాత్రం పాలు, గోధుమ పడవని డాక్టరు పరీక్షలు చేసి చెప్పారు. తింటే కడుపునొప్పి. చెప్పడానికి మాటలు రావు కదా, గోడకు తల కొట్టుకుంటుంది. అందుకే ఈ చుక్కలు. ఎర్రది ఉంటే ముట్టుకోదు, ఆకుపచ్చది ఉంటే అది చిట్టిది. మీ అబ్బాయి కాఫీ కప్పుకి కూడా ఎర్రదే!

ఈసారి వచ్చినప్పుడు బియ్యప్పిండితో, వెన్న లేకుండా చేసి పెట్టండి. మీ చేతి రుచి నాకెలాగూ రాదు.

మీరు మర్చిపోయిన కళ్ళజోడు పెట్టె పంపుతున్నాను. వారం రోజులు చిట్టి దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంది, అడిగితే ఇవ్వలేదు. నిన్న తనంతట తనే తెచ్చి నా చేతిలో పెట్టింది.

దాని మీద ఉన్న ఆకుపచ్చ చుక్క నేను అంటించింది కాదు.

మీ కోడలు