మంచం ఇంట్లో ఆగకూడదు

ఆసుపత్రి దుప్పట్ల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి ఈమధ్యనే మానేసిన నేను, ఇంట్లోవాళ్ళూ వీధివాళ్ళూ పెద్దక్క అని పిలిచే నేను, యాభై ఏడేళ్ళ వయసులో, పూర్తి తెలివితో ఉండి, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో బాగాలేదు. బుద్ధి బాగానే ఉంది. ఆ మాటకు డాక్టరు గారి కాగితం జత చేశాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. తమ్ముడు మాత్రం గుమ్మంలో నిలబడి "ఏం రాస్తున్నావక్కా" అని అడిగాడు. అడగడం బలవంతం కిందికి రాదని వకీలు గారు చెప్పారు. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు.

గురువారం నాకు ఆపరేషన్. భయపడాల్సిందేమీ లేదని డాక్టరు గారు అన్నారు. ఒక్కసారి అని ఊరుకుంటే నమ్మేదాన్ని.

నా ప్రాణం గురించి పెద్ద బెంగ లేదు. పొద్దున్నే కిటికీ పక్కన ప్రార్థనలో కూర్చుంటే అది చల్లబడుతుంది. చల్లబడనిది ఇంకొకటి ఉంది. కళ్ళు మూసుకోగానే గోదాము తలుపూ, దానికి వేలాడే తాళమూ కనిపిస్తాయి. ఈ కాగితం ముందుముందు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు కనుక ఆ సంగతి ముందు చెప్పి, తర్వాత ఆస్తి సంగతికి వస్తాను.

అమ్మ చివరి రోజుల్లో తలవైపు ఎత్తే ఇనప మంచం ఒకటి ఎదురింటివాళ్ళు మాకిచ్చారు. వాళ్ళ తాతగారు వాడినది. అమ్మ పోయాక, ఇంట్లో ఏడుపులు ఆగకముందే, వెనక వీధి నుంచి ఒకావిడ వచ్చి నిలబడింది. మంచం వైపు చూసింది. నేనూ చెల్లెలూ చెరో వైపూ పట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళాం. మంచం ఎలా ఎత్తాలో, మనిషిని పక్కకు ఎలా తిప్పి పడుకోబెట్టాలో చూపించాం. కాసేపు కూర్చున్నాం. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకుంటే, అమ్మ పోయాక మొదటిసారి నిద్రపట్టింది.

జనం మంచాల సంఘం అని పిలిచేది అలా మొదలైంది. మంచాలు, చక్రాల కుర్చీలు, చంక కర్రలు, వాకర్లు. అద్దె లేదు, డిపాజిట్ లేదు. ఒకటే పద్ధతి. పనైపోయిన వస్తువు మేము అద్దెకు తీసుకున్న గోదాముకు తిరిగి రాకూడదు. వాడినవాళ్ళే దాన్ని తర్వాతి ఇంటికి మోసుకెళ్ళి, ఎలా వాడాలో చూపించి, కాసేపు కూర్చుని రావాలి. ఏ వస్తువు ఏ ఇంట్లో ఉందో అడిగితే మా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. వీధిని అడిగితే ఉండేది.

మిల్లు మూతపడ్డాక దాతలు వెనక్కి తగ్గారు. ఇచ్చేవాళ్ళు తగ్గిన నెలలోనే అడిగేవాళ్ళు పెరిగారు. సంఘం కార్యదర్శి మా తమ్ముడే. వాడికి భయం పట్టుకుంది. తాకట్టులో పోయి నాన్న దుకాణం మూతపడిన రోజు వాడు చిన్నవాడు. షట్టరు దించిన చప్పుడు వాడి చెవిలోంచి ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు వాడి ప్రింటింగ్ ప్రెస్సూ ఆ దారిలోనే ఉంది. పెళ్ళికార్డులు కూడా జనం ఫోన్లో పంపుకుంటున్నారు. "ఉన్నవేమిటో ముందు తేలాలక్కా, లెక్క తేలకుండా ఏ దాత ముందు చెయ్యి చాస్తాం" అని, వస్తువులన్నీ ఒకసారి గోదాముకు తెచ్చి ఇవ్వమని ఊరంతా చెప్పించాడు. ప్రెసిడెంటు హెడ్మాస్టరు గారు కూడా తలూపారు.

జనం తెచ్చారు. మన వాళ్ళు మాట జవదాటరు. తోపుడు బండ్ల మీద, భుజాల మీద, పిల్లల సైకిళ్ళ మీద తెచ్చారు. రెండో రోజుకి గోదాము నిండిపోయింది. మేము ఇచ్చినవాటికంటే వచ్చినవి ఎక్కువ. మాకు తెలియకుండానే, కోలుకున్నవాళ్ళు సొంత డబ్బుతో కొన్న కుర్చీలూ కర్రలూ కూడా దారిలో కలిపేశారు. తమ్ముడు వాటి మధ్య తిరుగుతూ ఒక్కొక్కటీ చేత్తో తట్టి లెక్కపెట్టాడు. నేను సంతోషపడ్డాను. ఇక బయటికి పంపుతాడనుకున్నాను.

తాళం వేశాడు. ఎక్కువ వచ్చినవి అమ్మితే ఏడాది గడుస్తుందన్నాడు, మిగతావి మంచి రోజులు వచ్చేదాకా భద్రంగా ఉంటాయన్నాడు. కమిటీలో చెల్లెలు లేచింది. "ఒరేయ్, పోస్ట్‌మాన్ తాత మంచం కూడా పట్టుకొచ్చావు. ఆయన చాప మీద పడున్నాడు, వీపంతా పుండ్లు. నీ లెక్కలో ఆయన ఎక్కడ రాశావురా?" అంది. "నువ్వు టైలరింగ్ చూసుకో చిన్నక్కా, సంఘం మునిగితే ఎవరు అడుగుతారు, నిన్నా?" అన్నాడు వాడు. చెల్లెలు కుర్చీ వెనక్కి నెట్టి వెళ్ళిపోయింది. పోస్ట్‌మాన్ తాతకు తన సొంత మంచం పంపింది. అప్పటినుంచి ఇద్దరూ నా మంచానికి అటొకరూ ఇటొకరూ కూర్చుని, నాతోనే మాట్లాడతారు. "ఫ్యాను తగ్గించమను పెద్దక్కా" అని ఒకరంటారు. స్విచ్చు రెండోవారి తలపైనే ఉంటుంది.

ఇక ఆస్తి.

ఒకటి. నేను ప్రస్తుతం ఉంటున్న, నా జీతంతో కొన్న ఈ రెండంతస్తుల ఇల్లు నా స్వార్జితం. ఇందులో కింది అంతస్తునూ, వీధివైపు ఖాళీ స్థలాన్నీ మంచాల సంఘానికి రాస్తున్నాను. గోదాము అద్దె ఇక కట్టనక్కర్లేదు. ఆ మిగులు దేనికి ఖర్చుపెట్టాలో నాలుగో అంశంలో ఉంది.

రెండు. పై అంతస్తులో నివసించే హక్కునూ, వెనక షెడ్డులో ప్రెస్సు నడుపుకునే హక్కునూ తమ్ముడికి అతని జీవితకాలం ఇస్తున్నాను. ఆ తర్వాత అవీ సంఘానికే. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు ఇవ్వడం లేదు. తాకట్టు అనే మాట ఈ ఇంట్లో మళ్ళీ వినపడకూడదు. ఇల్లంతా తనకు వస్తుందని వాడు అనుకున్నాడు. అనుకోవడం తప్పు కాదు. వాడి షర్టులు ఉతికి, ఫీజులు కట్టి పెంచినది నేనే కనుక అలా అనుకునే చనువూ నేనిచ్చినదే. ఒరేయ్, నిన్ను రోడ్డున పడేయడం లేదు. పైన నువ్వుంటావు. కింద వాళ్ళుంటారు. తలుపు చప్పుడైతే నీకు వినపడుతుంది.

మూడు. చెల్లెలికి నా గొలుసు, రెండు గాజులు, కిటికీ పక్క కుర్చీ. గొలుసు ఎవరికైనా ఇచ్చేస్తుందని తెలుసు, ఇచ్చుకోనీ. కుర్చీ మాత్రం ఉంచుకోవాలి. ప్రార్థన చేయమని కాదు. రోజుకొకసారైనా కాళ్ళు మిషను మీదనుంచి తీసి కూర్చోమని. మరదలికి, నా పెద్ద ఇత్తడి గిన్నె. అది ఏళ్ళ తరబడి ఆమె దగ్గరే ఉంది. అడిగినప్పుడల్లా "రేపు పంపిస్తా వదినా" అంటుంది. ఇక పంపనక్కర్లేదు. ఆమె మనసు తేలికపడాలని కాగితం మీద పెడుతున్నాను.

నాలుగు. ఒకటో అంశం ప్రకారం ఇల్లు సంఘానికి దక్కి నిలవాలంటే షరతులు ఇవి.

తాళం తీసి, ప్రతి వస్తువునూ అడిగినవాళ్ళ ఇంటికి పంపాలి. ఎక్కువ వచ్చినవి అమ్మకూడదు. అవి మనవి కావు. మనల్ని నమ్మి జనం మన దారిలో వదిలినవి.

మిల్లు వెనక బస్తీలో రెండో గది తెరవాలి. "ఇదా సమయం తల్లీ, ఉన్నది కాపాడుకుంటే అదే పదివేలు" అని హెడ్మాస్టరు గారు అంటారు. ఆయన మంచివారు. కానీ జనం దగ్గర డబ్బున్నప్పుడు మంచం వాళ్ళే కొనుక్కుంటారు. మన అవసరం ఇప్పుడే. ఇప్పుడు ముడుచుకుని కూర్చుంటే ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నట్టు?

మున్సిపల్ ఆఫీసుకూ, పోస్టాఫీసుకూ, బస్టాండుకూ చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపులు వచ్చేదాకా సంఘం పట్టు వదలకూడదు. మన కుర్చీలో తిరిగిన మిల్లు ఫిట్టరు తన పింఛను కోసం మున్సిపల్ ఆఫీసుకు వెళితే, ఇద్దరు ప్యూన్లు చంకల్లో చేతులు పెట్టి మెట్ల మీదకు లాక్కెళ్ళారు. "నా సంతకం నేను పెట్టుకోడానికి నన్ను బస్తాలా మోశారు పెద్దక్కా" అన్నాడు. కుర్చీ ఇచ్చి, అది వెళ్ళే దారి సంగతి మనకెందుకంటే సగం పనే చేసినట్టు. అది మున్సిపాలిటీ పని అని తమ్ముడంటాడు. నిజమే. వాళ్ళు చేసేదాకా అడుగుతూ ఉండటం మన పని. అడిగేవాళ్ళు ముందు తమ గుమ్మం చూసుకోవాలి కనుక, మొదటి ర్యాంపు ఈ ఇంటికే వేయాలి. ముందున్న నాలుగు మెట్లూ పగలగొట్టాలి. అవి తమ్ముడికి ఇష్టమని తెలుసు, మేము ఇక్కడ అద్దెకున్న రోజుల్లో, చిన్నప్పుడు వాడు చదివింది వాటి మీదే. పని లేక కూడలిలో కూర్చుంటున్న తాపీమేస్త్రీలకు మిగిలిన గోదాము అద్దె డబ్బుతో కూలి ఇవ్వాలి. పూర్తి కూలి.

ఐదు. నా మరణం తర్వాత ఏడాదిలోగా ఈ షరతులు నెరవేరకపోయినా, సంఘం మూతపడినా, ఒకటి, రెండు అంశాలు రెండూ రద్దై, ఇల్లంతా తమ్ముడికీ చెల్లెలికీ చెరిసగం, అమ్ముకునే హక్కుతో సహా వస్తుంది.

ఈ అంశం చూసి వకీలు గారు కళ్ళజోడు తీశారు. "అమ్మా, సంఘం మునిగితేనే మీ తమ్ముడికి లాభం వచ్చేలా రాస్తున్నారు. ఆయనే కార్యదర్శి. కాస్త ఆలోచించండి" అన్నారు. ఆలోచించాను. దీన్ని పట్టుకుని చాలా పొద్దులు ప్రార్థనలో కూర్చున్నాను. కొట్టేశాను, మళ్ళీ రాశాను. మనసు కుదుటపడలేదు, ఇప్పటికీ పడలేదు. కానీ ఇల్లు సర్కారుకో, ముక్కూముఖం తెలియని సంస్థకో పోతుందని రాస్తే, వాడు నాకు భయపడి సంఘం నడుపుతాడు. భయపడే కదా తాళం వేశాడు. వాడి చేతిలో ఇల్లు పెట్టి, అమ్ముకునే దారి కూడా చూపించి, అయినా నడుపుతాడని అనుకుంటున్నాను. అనుకుంటున్నాను అనే రాశాను. తెలుసు అని రాయలేకపోయాను.

ఆరు. ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత తమ్ముడికీ చెల్లెలికీ కలిపి అప్పగిస్తున్నాను. ఏ కాగితమైనా ఇద్దరి సంతకాలూ ఉంటేనే చెల్లుతుంది. ఒకరి తరఫున మరొకరికి కబురు మోయడానికి నేనుండను.

ఏడు. నేను పడుకున్న మంచం సంగతి. ఎవరూ పట్టుకోకుండా నేను లేవలేనని తెలిసిన రోజు, తమ్ముడు ఎవరితో చెప్పకుండా గోదాము తాళం తీసి, ఉన్నవాటిలో మంచిది ఏరి, వానలో తడుస్తూ రిక్షా మీద తెచ్చాడు. తల కింద దిండు సర్ది, "ఇప్పుడు బాగుందా అక్కా" అన్నాడు. మళ్ళీ వెళ్ళి తాళం వేశాడు. వద్దనే ఓపిక ఆ రోజు నాకు లేదు. ఆ తాళం తీయడం వాడికి చేతకాదని ఇక ఎవరూ అనలేరు.

మంచం ఇంట్లో ఆగకూడదన్నది మన పద్ధతి. కనుక ఈ ఒక్క అంశం నా చావు కోసం ఆగనక్కర్లేదు. గురువారం పొద్దున నేను ఆసుపత్రికి వెళ్ళగానే ఈ మంచం ఖాళీ అవుతుంది. ఆ సాయంత్రమే ఇది మిల్లు వాచ్‌మన్ ఇంటికి వెళ్ళాలి. ఆయన భార్య నెల రోజులుగా నేల మీద ఉంది. నేను తిరిగొస్తే నాకు నా పాత చెక్క మంచం చాలు. రాకపోతే ఆ మాటే లేదు. బండి పెట్టకండి. తమ్ముడు తలవైపు, చెల్లెలు కాళ్ళవైపు పట్టుకోవాలి. అది ఒక్కరితో లేచే మంచం కాదు. మలుపుల దగ్గర "ఇటు", "అటు", "కాస్త ఆగు" అని చెప్పుకోక తప్పదు.

వీలునామాలో ఇలాంటివి చెల్లవు అని వకీలు గారు అన్నారు. అందుకే ఇది ఆజ్ఞగా రాయలేదు, అడుగుతున్నాను. ఈ కాగితం రహస్యమేమీ కాదు. రేపు పొద్దున ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెట్టి చదివి వినిపించమని ఆయనకు అప్పజెప్పాను.

మంచం ఎత్తే పిడి కొంచెం బిగుసుకుంటుంది. ముందు కొద్దిగా వెనక్కి తిప్పి, ఆ తర్వాత ముందుకు తిప్పితే తేలిగ్గా లేస్తుంది. వాచ్‌మన్‌కు అది చూపించండి. చూపించి వెంటనే వచ్చేయకండి, కాసేపు కూర్చోండి.

నవంబరు పదకొండు, మంగళవారం పొద్దున, ఇంటి ముందుగదిలో, నా ఇష్టప్రకారం, సాక్షుల ఎదుట చేసిన సంతకం.

పెద్దక్క

సాక్షులు:

ఒకటి. కుర్చీల చక్రాలు బాగుచేసే వెల్డరు. సాక్షికి వీలునామాలో ఏమీ ఇవ్వకూడదట. ఆ మాట చెబితే "మంచిదే పెద్దక్కా, ఏమన్నా వస్తే మా ఆవిడకు లెక్క చెప్పాలి" అని సంతకం పెట్టాడు.

రెండు. రోజూ కట్టు మార్చడానికి వచ్చే నర్సమ్మ. ఆమెకూ ఏమీ ఇవ్వడం లేదు. కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టింది.