బావ తుంచిన మూడో పిన్ను

చదువు ఎనిమిదో తరగతిలో ఆగినా బుద్ధి ఆగని నేను, వీధిలో ‘తుంటరి’ అని పిలిపించుకునేవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా గుండె ఇక ఎక్కువ కాలం లాగదని డాక్టరు తేల్చేశాడు. పెళ్లాం పిల్లలు లేరు. ఉన్నది నన్ను పెంచిన అక్క, ఆమెకు అంటగట్టిన బావ.

1. నా హాల్లోని పెద్ద టీవీ, ఆంప్లిఫయరు, స్పీకర్లు బావకు చెందును. ఆసుపత్రిలో నన్ను పలకరించడానికి వచ్చి, టీవీ ఎన్ని అంగుళాలని అడిగిన మనిషి. అంత ఆశపడ్డవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదు.

2. నా సర్జ్ బోర్డు, అంటే కరెంటు ఒక్కసారిగా ఎగదన్నితే ఆ పోటును భూమిలోకి దింపే బోర్డు, అక్కకు మాత్రమే చెందును. కారణం రాస్తున్నాను. పోయిన వానాకాలం అక్కకు టీవీ, ఇలాంటిదే బోర్డు కొనిచ్చాను. వాళ్ల గోడ సాకెట్టుకు రెండే బెజ్జాలు. బోర్డు ప్లగ్గుకున్న మూడో పిన్నును, ఎర్తుకు పోయే లావుదాన్ని, బావ కటింగ్ ప్లేయరుతో తుంచేశాడు. “ఎర్తు లేకపోతే కాలిపోద్ది బావా” అన్నాను. “బొమ్మ వస్తోందా లేదా? మూడోది కంపెనీవాడి షోకురా, పోరా!” అన్నాడు. కరెంటు పోయి వచ్చిన ఒక్క ఊపుకు టీవీ పొగ కక్కింది. “పొద్దస్తమానం దాని ముందే చతికిలబడితే కాలదా?” అని చుట్టాల ముందు అక్కను కడిగేశాడు. అప్పటినుంచీ అక్క పక్కింటి కిటికీ దగ్గర నిలబడి టీవీ చూస్తోంది.

3. బావ టీవీ పెట్టాలంటే ప్రతిసారీ అక్కను బోర్డు అడగవలెను. అరవడం అడగడం కిందికి రాదు. నేరుగా గోడకు తగిలిస్తే ఆ క్షణమే సామానంతా అక్కదవును.

4. ముందుగా బావ ఇంటికి ఎర్తు తీగ పాతే గుంట తవ్వించి, గోడకు మూడు బెజ్జాల సాకెట్టు పెట్టించవలెను. చెప్పులతో ఎవరినీ తొక్కనివ్వని ఆ వాకిలి పాలరాయి పగలగొట్టే తవ్వవలెను. పక్కనే మెత్తటి మట్టి ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. నేను వినలేదు.

5. రిమోటు అక్కకు. ప్లాస్టిక్ కవరు తీయకు అక్కా, నీ చేతులెప్పుడూ తడే.

6. ఉరుములప్పుడు ఏ బోర్డునూ నమ్మకూడదు. ప్లగ్గు, కేబులు తీగ రెండూ పీకెయ్యాలి. పీకే అధికారం అక్కదే, బావ చూసే మ్యాచి ఆఖరి నిమిషంలో ఉన్నా సరే. ఉరిమిందో లేదో తేల్చేదీ అక్కే. తనకు వినపడలేదన్న బావ అభ్యంతరం చెల్లదు.

దీన్ని అమలు చేయవలసినవాడు ఎలక్ట్రీషియన్.

తేదీ: ఆగస్టు ఇరవై తొమ్మిది
సంతకం: తుంటరి
సాక్షులు: ఎలక్ట్రీషియన్, కిటికీ మూయని పక్కింటి టైలరు