మచ్చలు మాత్రమే

ప్రియమైన అక్కకి,

ఇక్కడ అందరం కులాసా. ఎప్పుడూ అలవాటుగా రాసే మాటే, ఈసారి తెలిసి రాస్తున్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. కాళ్ల వాపు లేదు. మాత్రలు మానలేదు. ఎండలో నిచ్చెనెక్కడం మాత్రం మానేశాను. దుకాణాల బోర్డులు షెడ్డులోనే రాస్తున్నాను, మీ మరిది తీసుకెళ్లి బిగిస్తున్నాడు. ఒకటి తలకిందులుగా బిగించి, "అక్షరాలన్నీ గుండ్రంగానే ఉంటే నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

మొన్న పెట్టె సర్దుతుంటే నీ ఆకుపచ్చ శాలువా కనబడింది. ఆస్పత్రి రోజులు కళ్లముందు తిరిగాయి. లూపస్ అన్న మాటే అప్పుడు మనకి కొత్త. ఒంటిని కాయాల్సిన శక్తే కిడ్నీల మీద పడిందని డాక్టరమ్మ చెబితే, "ఇంట్లోవాళ్లే కొడితే ఎవరికి చెప్పుకుంటాం?" అన్నావు నువ్వు. పరీక్ష కోసం వీపులోంచి సూదితో చిన్న కిడ్నీ ముక్క తీశాక నన్ను కదలకుండా వెల్లకిలా పడుకోమన్నారు. నువ్వు పేపర్లో పెళ్లి ప్రకటనలు చదువుతూ ఒక్కో వరుడికీ వంకలు పెడుతుంటే, "ఆపవే తల్లీ, నడుం లాగేస్తోంది" అని నవ్వలేక ఏడ్చాను. మందులకి నా మొహం బెలూన్‌లా ఉబ్బితే, అద్దం ముందు నువ్వూ బుగ్గలు పూరించి నిలబడ్డావు. అంత భయంలోనూ అవి మంచి రోజులనే అనిపిస్తుంది. జబ్బు మీద కాదులే, నీ మీద బెంగ.

ఇక దాచిన మాట. పోయిన నెల మళ్లీ ముక్క తీయించుకున్నాను. ఒంట్లో బాగానే ఉన్నా మూత్రంలో కొద్దిగా ప్రోటీన్ పోతూనే ఉంది. మాకేమో బిడ్డ కావాలని. "లోపల జబ్బు ఇంకా రగులుతోందో, ఇది పాత మచ్చల వల్లో చూడందే మందులు మార్చలేను" అంది డాక్టరమ్మ. నీకు చెబితే సెలవు పెట్టి పరిగెత్తుకొస్తావు. అమ్మకి పొరుగూళ్లో బోర్డు పని అని చెప్పాను.

ఫలితం చెప్పేరోజు మీ మరిది నా చెయ్యి నలిపేశాడు.

"మచ్చలున్నాయి, అవి పోవు. రగిలేది మాత్రం ఏమీ లేదు. జబ్బు అణిగింది" అంది డాక్టరమ్మ.

"మళ్లీ రాదుగా?" అన్నాను.

"రాదని మాటివ్వలేను. బిడ్డకి హాని చెయ్యని మందులకి మెల్లగా మారుద్దాం. కొన్నాళ్లు ఇలాగే నిలిస్తే, మీ కోరిక తీరే దారుంది."

బయటికొచ్చి మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. మీ మరిది నన్ను ఓదార్చాలో, తను ఏడవాలో తెలియక పక్కన నిలబడ్డాడు.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పేశాను. బట్టలు మడతపెడుతున్న అమ్మ చేతులు ఆగలేదు.

"రంగు డబ్బాలు ఇంట్లో వదిలేసి బోర్డు పనికి ఎవరు వెళ్తారే?" అంది.

"తెలిసీ అడగలేదా? నీకు నిద్ర ఉండదనేగా నేను చెప్పలేదు!"

"నేను పడుకున్నానని ఎవరు చెప్పారు నీకు?" అంది అమ్మ.

ఇట్లు,
నీ జవాబు కోసం కళ్లు కాయలు కాచేలా చూసే
చెల్లి