మూడు చుక్కల ఆకురాయి

ఎక్లెస్‌ఫీల్డ్,
బుధవారం, 14 అక్టోబరు 1981

క్లైవ్ అన్నయ్యకు,

నెవిల్ రాస్తున్నాను. ఇక్కడ అమ్మమ్మ, అమ్మ, నేను కులాసా. లీడ్స్‌లో నువ్వూ కులాసాగానే ఉన్నావని అనుకుంటున్నాను. రెండేళ్లుగా నీ దగ్గర నుంచి ఉత్తరం ముక్క లేదు కాబట్టి అనుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. మర్యాదలు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

ఆబ్రే డన్‌స్టన్ మన అమ్మమ్మ గుర్తును అరగదీసి చెరిపేశాడు.

ఏ డన్‌స్టన్ అంటావేమో. పాత పనిముట్ల సంఘానికి అధ్యక్షుడు, పళ్ల డాక్టరుగా రిటైరైన పెద్దమనిషి, ఇనుము అరగదీసే మన ఆకురాళ్లను నువ్వు నమ్మి చేతిలో పెట్టి వచ్చిన డన్‌స్టనే. ఇన్నాళ్లూ మనుషుల పళ్లు పీకింది చాలక ఇప్పుడు ఇనుము మీద పడ్డాడు.

ఆ వాన ఆదివారం నీకు గుర్తుందా? సంతలో తుప్పు సామాన్లు అమ్మే మనిషి దగ్గర, బొగ్గు బకెట్ అడుగున, నూనె గుడ్డలో చుట్టి ఉన్నాయి ఆ ఆరు ఆకురాళ్లూ. వాటి పళ్ల మీద బొటనవేలు ఆడించి, ఇవి యంత్రం కొట్టినవి కావురా, ఎవరో ఉలితో ఒక్కొక్క పన్నూ కొట్టారు అన్నావు. పిడిలోకి దిగే తోక మీద హార్‌క్రాస్ కంపెనీ ముద్ర ఉంది. దాని కింద, గోరంత చోటులో, త్రికోణంగా మూడు చుక్కలు. కంపెనీ ముద్ర ఎవరైనా చూస్తారు. ఆ చుక్కలను మనం చూశాం. ఆ చలికాలమంతా ఆ చుక్కల మనిషి కోసం ఊళ్లో ప్రతి ముసలావిడ వంటింట్లోనూ టీ తాగాం. చివరికి ఏం జరిగింది? ఊరంతా తిరిగి మనింటికే వచ్చాం. అమ్మమ్మ ముందు బల్ల మీద పెడితే, కళ్లజోడు సవరించుకుని చూసి, "ఆ చుక్కలు నాకు తెలుసు" అని మాత్రం అని, బంగాళాదుంపలు చెక్కడానికి లేచి వెళ్లిపోయింది. మనమిద్దరం పెరట్లోకి పరిగెత్తాం. ఆవిడ, వాళ్లమ్మ కూర్చుని ఆకురాళ్లు కొట్టిన ఆ చిన్న కొట్టు ముందు నిలబడి పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. నువ్వు సిగరెట్ పెట్టె కాగితం ఆ చుక్కల మీద పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి జేబులో పెట్టుకున్నావు.

తర్వాత సంగతి నీకూ తెలుసు. సంఘానికి ఇస్తే పదిమందీ చూస్తారని నువ్వు, ఇంటి సొత్తు ఇంట్లోనే ఉండాలని నేను. ఆ రోజు నిన్ను దళారీ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. అది నిజమని ఇప్పుడు తేలింది.

మొన్న సోమవారం లైబ్రరీ హాల్లో సంఘం వాళ్ల ప్రదర్శన మొదలైంది. ఎర్రగుడ్డ పరిచిన బల్లలు, పైన గోడకు బంగారు అక్షరాలతో పెద్ద బోర్డు. హార్‌క్రాస్ వారి పనితనం, అని. హార్‌క్రాస్ ఏ పని చేశాడు అన్నయ్యా? ఒక్క పన్ను కొట్టాడా? ఆయన గోదాములో కుర్చీలో కూర్చున్నాడు. కొట్టింది మన పెరటి కొట్లలోని ఆడవాళ్లు. తోలుపట్టీలో పాదాలు దూర్చి, ఆకురాయిని సీసపు దిమ్మ మీద కదలకుండా బిగబట్టి, ఉలి జారకుండా వేళ్లు నాలుకతో తడుపుకుంటూ కొట్టారు. ఆ సీసమే కడుపులోకి పోయి తాతమ్మ మణికట్లు రెండూ పడిపోయి, చివరికి చెంచా కూడా ఎత్తలేకపోయింది. మిల్లులో ఉద్యోగం ఊడాక నేను చదివిన కరపత్రాలన్నీ చెప్పింది ఈ ఒక్క మాటే. ముందు ఒళ్లు దోచుకుంటారు, తర్వాత ఊపిరి, ఆఖరికి పేరు. చదివినప్పుడు అది ఎక్కడో జరిగే సంగతి అనుకున్నాను. సోమవారం నా అరచేతిలో పట్టుకుని చూశాను.

సంఘం సభ్యుణ్ణి కదా, ఆకురాయి ఎత్తి తోక తిప్పి చూశాను. చుక్కలు లేవు. ఆ చోట ఇనుము కొత్త చెంచాలా మెరుస్తోంది. ఈ మధ్యనే గీకారు. ఆరింటినీ తిప్పి చూశాను. ఆరింటి మీదా అంతే. వేసవిలో సంఘం సమావేశంలో నా కళ్లతో చూసిన చుక్కలు! తోకను కాల్చి ముంచి గట్టిపరచరు, అక్కడ ఇనుము మెత్తగా ఉంటుందని తెలిసినవాడే చేసిన పని. పక్కన చీటీ మీద హార్‌క్రాస్ పేరు, "చేత్తో కొట్టినవి" అన్న మాట, అంతే. ఎవరి చేత్తో అని అడిగేవాడు లేడు.

డన్‌స్టన్ పక్క బల్ల దగ్గర చీటీలు సరిచేస్తున్నాడు. చుక్కలేవని అడిగాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఇది లైబ్రరీ, గొంతు తగ్గించమన్నాడు. తగ్గించలేదు.

"నేను చెప్పకూడదు నెవిల్. వెళ్లి మీ అమ్మమ్మనడుగు" అన్నాడు.

ఆ ధైర్యం చూశావా? ఆవిడ పేరు చీటీ మీద రాయడానికి చెయ్యి రాలేదు కానీ ఆవిడ చాటున దాక్కోవడానికి నోరు వచ్చింది. మా అమ్మమ్మ మాట నీ నోట రాకూడదన్నాను. వెనక నుంచి సంఘం వాళ్లెవరో, "యంత్రాలు పగలగొట్టే కుర్రాడొచ్చాడర్రా, సుత్తులు దాచండి" అన్నారు. హాలంతా నవ్వింది. డన్‌స్టన్ ఒక్కడే నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఒక దెబ్బ వేయడానికి నాకూ వీలుండేది.

అమ్మమ్మను అడగలేదు. ఎనభై దాటిన మనిషి దగ్గరికి వెళ్లి, నీకు మిగిలిన ఒక్క గుర్తూ గీకేశారని ఏ నోటితో చెప్పను? పైగా ఈ నెలంతా ఆవిడ ఎందుకో హుషారుగా ఉంది. రేడియోతో కలిసి పాడుతోంది. ఆ పాట నా వల్ల ఆగిపోకూడదు.

కానీ నేను ఊరుకోను. కరపత్రం రాసి అచ్చు వేయించాను. ఆకురాళ్లు కొట్టిన ఇళ్లన్నిటికీ నేనే తిరిగి పంచుతున్నాను. ఈ శనివారం, 17వ తేదీ, ఉదయం పది గంటలకు, లైబ్రరీ మెట్ల దగ్గర అందరం కలుస్తున్నాం. తల్లులవీ అమ్మమ్మలవీ పనిముట్లు ఇంట్లో ఏవి మిగిలినా చేత్తో పట్టుకు రమ్మన్నాను. డన్‌స్టన్ బయటికి వచ్చి అందరి ముందూ జవాబు చెప్పాలి.

నువ్వు రావాలి. రమ్మని బతిమాలడం కాదు, అడిగే హక్కుతో అడుగుతున్నాను. నీ దగ్గరున్న ఆ సిగరెట్ కాగితం తీసుకురా. ఆ చుక్కలు ఉండేవనడానికి లోకంలో మిగిలిన సాక్ష్యం అదొక్కటే. శనివారం పదింటికి నువ్వు మెట్ల మీద లేకపోతే నాకు అన్న లేడనే అనుకుంటాను.

కోపంతోనే, అయినా నీ తమ్ముడు,
నెవిల్

తాజా కలం, గురువారం పొద్దున:

పైన రాసింది చింపకుండా అలాగే పంపుతున్నాను. నేనెంత గుడ్డిగా అరిచానో నీకు తెలియాలి.

నిన్న సాయంత్రం టీ దగ్గర నా కోటు జేబులోంచి మిగిలిన కరపత్రాల కట్ట జారి పడింది. నేను వంగేలోపే అమ్మమ్మ ఒకటి తీసి, భూతద్దం పెట్టి, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. చదివి కప్పు పక్కకు జరిపింది.

"చెరిపింది ఆయన కాదురా. నేను."

చీటీ మీద ఏం రాయాలో అడగడానికి పోయిన నెలలో డన్‌స్టన్ ఆకురాళ్లు పట్టుకుని మనింటికి వచ్చాడట. ఆవిడ వాటిని ఒడిలో పెట్టుకుని, కుట్టుమిషను సొరుగులోంచి చిన్న ఆకురాయి తీసి, ఆ చుక్కల మీద రుద్దడం మొదలుపెట్టిందట. డన్‌స్టన్ అయ్యో అన్నాడట, ఒక్కసారి. తర్వాత ఆవిడ చేతికి పట్టు చాలడం లేదని తనే కూర్చుని ఒక్కొక్కటీ కదలకుండా పట్టుకున్నాడట. పిల్లలకు చెప్పొద్దని ఆవిడ మాట తీసుకుంది. నేను అంతమందిలో అంతలేసి మాటలన్నా ఆ మనిషి మాట తప్పలేదు.

ఎందుకు చెరిపావని అడిగాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"అది సంతకమనుకున్నారా మీరు? పని చెడితే ఎవరిదో పట్టుకోవడానికి కంపెనీ వేయించిన గుర్తురా అది. ఆకురాయి బాగుంటే హార్‌క్రాస్ పేరు. పన్ను వంకరపోతే మా చుక్కలు."

గోదాము గుమ్మం మీద ఒక చెక్క ఉండేదట. చెడిపోయిన ఆకురాళ్లను, తోక మీది గుర్తు అందరికీ కనబడేలా, దానికి మేకులతో బిగించేవారట. తాతమ్మ మణికట్లు పడిపోవడం మొదలయ్యాక వారం వారం అక్కడ మూడు చుక్కలే. సరుకు అప్పజెప్పడానికి వెళ్లేది అమ్మమ్మ. వరసలో అందరూ చూస్తుంటే తలొంచుకుని ఆ చెక్క కింద నుంచే లోపలికి వెళ్లేది. తాతమ్మ మాత్రం ఆ తర్వాత చర్చికి కూడా పొలాల వెనక దారిన వెళ్లేదట.

"మళ్లీ ఆ చుక్కల్నే బల్లల మీద పెట్టి ఊరందరికీ చూపిస్తామంటే, నన్ను ఊరుకోమంటావా?" అంది.

ఆ రోజు బంగాళాదుంపల దగ్గరికి ఎందుకు లేచి వెళ్లిందో ఇప్పుడు తెలిసింది. మనం పెరట్లో నవ్వుకుంటున్నాం.

కరపత్రాలు పొయ్యిలో వేసేస్తానన్నాను. వద్దంది. మనుషుల్ని పిలిచాక రావద్దనడం ఏం మర్యాద అంది. "చుక్కలొద్దు. పేరు రాయించు. ముందు మా అమ్మది" అంది. కెజియా షర్ట్‌క్లిఫ్. ఆ పూర్తి పేరు ఆవిడ నోట వినడం నాకు ఇదే మొదటిసారి. తర్వాత తన పేరు, హెస్టర్. తర్వాత, శనివారం మెట్ల దగ్గరికి ఎవరెవరు వస్తే వాళ్ల తల్లుల పేర్లు. చెప్పి, తనను కారులో తీసుకెళ్లమని డన్‌స్టన్‌కు నా చేతే ఫోన్ చేయించింది. నేను తడబడుతూ క్షమాపణ మొదలుపెడితే ఆయన, "రంగు డబ్బా నేను తెస్తాను, కుంచె నువ్వు తెచ్చుకో" అని పెట్టేశాడు.

కోపం తగ్గలేదు అన్నయ్యా. దాని చిరునామా మారింది, అంతే. దళారీ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సిగరెట్ కాగితం తేవద్దు. నువ్వొక్కడివే రా. ఆ బంగారు అక్షరాల కింద వాళ్లమ్మ పేరు చూసేదాకా హాలు కదలనని అమ్మమ్మ భీష్మించుకుంది. బోర్డు బాగా ఎత్తున ఉంది, లైబ్రరీ నిచ్చెన పాతది. నేను ఎక్కితే కింద ఒకడు పట్టుకోవాలి.

శనివారం, పది గంటలకు.