వేరుగా పెట్టిన సీసా

అన్నయ్యా,

నీ షాపులో కొన్న దగ్గుమందు తాగి ఇద్దరు పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. నువ్వేమో ఆదివారం చర్చిలో మోకరించి, "సాతాను నన్ను మోసం చేశాడు" అని ఏడ్చావు. సంఘమంతా కరిగిపోయింది. కౌంటర్లో నిలబడే నాకు మాత్రం ఒళ్లు మండింది.

గడువు దాటిన సీసాల మీద తేదీ చెరపడానికి నా నెయిల్‌పాలిష్ రిమూవర్ అడిగి పట్టుకెళ్లింది సాతానా? సాతాను మాట విని పండు తిన్న హవ్వకు, అది తినేదాకా మంచీ చెడూ తెలియవు. నీకు ముందే తెలుసు. కొత్త సరుకులోంచి ఒక సీసా తీసి, "ఇది మన పాపకి, వాటిలో కలపకు" అని నా చేతికే ఇచ్చావుగా!

మూత తీయని ఆ సీసాను తేదీ చెరిపిన వాటి పక్కనే పెట్టి, మందుల తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారికి చూపించాను. నీ తరఫున సాక్ష్యానికి ఇక సాతానునే పిలుచుకో.

నీ చెల్లెలు