గొట్టం పరీక్షకు మత్తు, మత్తుకు రక్తసంబంధీకుడు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఊపిరితిత్తుల పరీక్షలో నాకు మత్తు నిరాకరించుట గురించి.

1. గత మంగళవారం తమ ఆసుపత్రిలో నా ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి గొట్టం దింపారు. మత్తు ఇవ్వలేదు. గొంతులో చేదు మందు చిమ్మి, "కదలకండి పెద్దాయనా, రెండు నిమిషాల్లో అయిపోతుంది" అన్నారు. నీళ్లలో ముంచి పట్టుకున్నవాడికి రెండు నిమిషాలంటే ఎంతో తమ డాక్టర్లు ఏ పుస్తకంలోనూ చదివినట్టు లేదు. నేను కొట్టుకుంటుంటే ఇద్దరు నా చేతులు అదిమిపట్టారు.

2. మందు లేక కాదు. మత్తు ఇచ్చినవాణ్ణి ఇంటికి చేర్చడానికి తోడు ఉండాలట. సబబే. తోడుతోనే వెళ్లాను. మా ఎదురింటి దర్జీ కొట్టు మూసుకుని మరీ వచ్చాడు. నర్సమ్మ అడిగింది:

"ఈయన మీకేమవుతారు?"

"చదరంగంలో శత్రువు."

"వేళాకోళం వద్దు తాతగారూ. రక్తసంబంధం ఉందా?"

"వీరి చొక్కా కుడుతూ సూది గుచ్చుకుని నా రక్తం అంటించానమ్మా, చాలదా?" అన్నాడు దర్జీ.

అతన్ని బయటికి పంపేశారు.

3. దగ్గు ఆగక, ఊపిరితిత్తిలోంచి పరీక్షకు కావలసిన ముక్క తీయలేకపోయారు. ఈ గురువారం మళ్లీ రమ్మన్నారు. నాకున్నది క్యాన్సరో కాదో ఆ ముక్కే తేల్చాలి. మెలకువతో మాత్రం ఆ బల్ల మళ్లీ ఎక్కను. జబ్బేమిటో తెలియకుండానే పోతాను. ఇది బెదిరింపు కాదు. భయం.

4. రక్తసంబంధీకులే రావాలన్న ఉత్తర్వు కింద సంతకం తమరిది. తోడు వచ్చిన పరాయివాడెవడో మత్తులో ఉన్న రోగి ఉంగరం కాజేశాడని ఈ ఏర్పాటట. నా వేలికి ఉంగరం లేదు. పైగా రక్తసంబంధీకుల నిజాయితీ ఎంతటిదో తమరికీ నాకూ తెలుసు. నాన్న పుస్తకాల బీరువా ఇప్పుడు ఎవరి హాల్లో ఉందో ఇక్కడ ప్రస్తావించను.

5. నాకు మిగిలిన రక్తసంబంధీకుడు ఒక్కడే, నా తమ్ముడు. అమ్మ పోయిన నాటి నుంచి అతనికీ నాకూ మాటల్లేవు. ప్రస్తుతం అతను ఈ అర్జీ చదువుతున్నాడు.

కావున ఉత్తర్వు సవరించి, దర్జీని తోడుగా అంగీకరించి, మత్తు ఇప్పించవలసినదిగా కోరుతున్నాను. అది కుదరదంటే తమ ఉత్తర్వును తమరే పాటించవలసినది. రెండింటిలో ఏదైనా సరే, గురువారం లోపల చిత్తగించవలెను.

తమ విధేయుడు
(ఇలా రాయక తప్పదు కనుక),
ఛాతీ విభాగం రోగి

తా.క.: ఒరే చిన్నోడా, నువ్వే వస్తే నాతో మాట్లాడనక్కర్లేదు. నేను మత్తులో ఉంటాను. చెయ్యి పట్టుకుని బండి ఎక్కించు, చాలు. బీరువా సంగతి నాకు మెలకువ వచ్చాక తేల్చుకుందాం.